మాస్టర్ సిలిండర్ కారుతోంది: రబ్బరు కిట్ చాలా, మొత్తం మార్చాలా?

గాజువాక బండి:
మా ఇంట్లో పదేళ్లు దాటిన చిన్న విద్యుత్ కారు ఉంది. ఆ మోడల్ తయారీ ఎప్పుడో ఆగిపోయింది. కొంతకాలంగా బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం తగ్గుతోంది. చక్రాల దగ్గర తడి లేదు. పెడల్ తొక్కుడును ఆయిల్ పీడనంగా మార్చే మాస్టర్ సిలిండర్, ఆ తొక్కుడుకు బలం కలిపే బూస్టర్‌కు ఆనుకునే చోట మాత్రం రంగు పొక్కిలి ఊడిపోయింది, వేలు పెడితే జిడ్డు తగులుతోంది. సిగ్నల్ దగ్గర పెడల్ నొక్కి పట్టుకుంటే మెల్లగా కిందికి దిగుతోంది. సర్వీసు కేంద్రం వాళ్లు బూస్టర్‌తో సహా మార్చాలంటున్నారు, సామాను ఎప్పుడు వస్తుందో చెప్పలేమంటున్నారు. ఆటోనగర్‌లో తెలిసిన మెకానిక్ రబ్బరు కిట్‌తో లోపలి కప్పులు, అంటే సీళ్లు, మార్చి సాయంత్రానికి ఇచ్చేస్తానంటున్నాడు. ఎవరి మాట వినాలి?

పాతబండి ప్రియుడు:
కళ్లు మూసుకుని కిట్ వేయించండి. కారు కరెంటుతో నడిచినా పెట్రోలుతో నడిచినా మాస్టర్ సిలిండర్ ఒక్కటే. ఒక గొట్టం, రెండు పిస్టన్లు, స్ప్రింగులు, రబ్బరు కప్పులు, చివర ఒక సర్క్లిప్. కప్పులు అరిగితే కప్పులే మార్చాలి. అంబాసిడర్లు, జీపులు తిరిగిన రోజుల్లో సందుకొక మెకానిక్ ఈ పని చేసేవాడు. మొత్తం మార్చాలనడం వ్యాపారం, అంతకు మించి ఏమీ లేదు.

లేత్ మనిషి:
ఆ "కళ్లు మూసుకుని" దగ్గరే నాకు పేచీ. పాత బండ్ల సిలిండర్లు ఎక్కువగా పోత ఇనుమువి. లోపల తుప్పు గుంటలు చిన్నవైతే హోనింగ్ రాళ్లతో సాపు చేసి కొత్త కప్పులు వేసేవాళ్లం. ఇప్పటివి అల్యూమినియంవి. లోపలి గోడకు అనోడైజింగ్ చేసిన గట్టి పొర ఉంటుంది, చాలా పలుచన. హోనింగ్ చేసినా, నీటి గరుకు కాగితం పెట్టి రుద్దినా ఆ పొర పోతుంది. బోరు, అంటే సిలిండర్ లోపలి రంధ్రం, తళతళలాడుతుంది, బండి అప్పగించే రోజున పెడల్ కూడా గట్టిగానే ఉంటుంది. పొర పోయిన మెత్తటి లోహం మీద కొత్త కప్పు ఎంతకాలం నిలుస్తుందో హామీ ఇచ్చే మెకానిక్ ఉంటే నాకూ చూపించండి.

అందుకని ముందు విప్పించండి, మీరు పక్కనే నిలబడండి. పిస్టన్లు తీశాక బోరును స్పిరిట్‌తో కడిగించి, టార్చి వేసి చూడండి. ముఖ్యంగా అడుగు భాగం. నీరు పీల్చుకున్న ఆయిల్ అక్కడే నిలిచి గుంటలు తింటుంది. సన్నటి వెదురు పుల్లతో లోపల నిమిరితే ఎక్కడైనా తట్టుకుందా, ఆ సిలిండర్ పక్కన పడేయండి. నునుపుగా ఉంటే కిట్ నిక్షేపంగా వేయవచ్చు. పెట్రోలుతోనో డీజిల్‌తోనో మాత్రం కడగనివ్వకండి, ఆ కప్పుల రబ్బరుకు పెట్రోలియం నూనె తగిలితే ఉబ్బిపోతుంది.

పాతబండి ప్రియుడు:
అంటే మీరు కిట్‌కు అనుకూలమా, వ్యతిరేకమా? రెండు పడవల మీద కాళ్లు పెట్టారు.

లేత్ మనిషి:
బోరు చూడకుండా చెప్పడానికి వ్యతిరేకం.

నిశ్శబ్ద ప్రయాణం:
సిలిండర్ ఒక్కటే కావచ్చు, దాని వెనక ఉన్నది ఒక్కటి కాదు. పెట్రోలు కారులో బూస్టర్‌కు కావలసిన శూన్యం (వాక్యూమ్) ఇంజను పీల్పు నుంచి వస్తుంది. వెనక సీలు కారితే ఆ ఆయిల్ బూస్టర్ మీదుగా ఇంజనులోకి పోయి కాలుతుంది, సైలెన్సర్ నుంచి తెల్ల పొగ వస్తుంది. ఏదో తేడా వచ్చిందని యజమానికి తెలుస్తుంది. ఇలాంటి విద్యుత్ కారులో శూన్యాన్ని చిన్న మోటారు పంపు తయారుచేస్తుంది. పొగ వచ్చే దారే లేదు. ఆయిల్ బూస్టర్ అడుగున చేరి లోపలి రబ్బరు పొర డయాఫ్రంను నానబెడుతుంది, ఒక్కోసారి పంపు దాకా పోతుంది. అదీ చెడితే పెడల్ రాయిలా బిగుస్తుంది.

సిలిండర్ ఊడదీశాక బూస్టర్ లోపల అడుగున తెల్ల గుడ్డతో తుడిచి చూడమనండి. గుడ్డ నిండా ఆయిల్ వస్తే బూస్టర్ కూడా మార్చాలన్న సర్వీసు కేంద్రం మాటను వ్యాపారం అని కొట్టిపారేయలేం.

ఇంకొకటి. ఈ కార్లలో వేగం తగ్గించే పని చాలావరకు మోటారే చేస్తుంది కాబట్టి బ్రేకుల సంగతి ఎవరికీ గుర్తుండదు. ప్యాడ్లు అరగవు, సరే. ఆయిల్ మాత్రం బండి నిలబడి ఉన్నా గాలిలోని తేమ పీలుస్తుంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, సుమారు 3.7 శాతం నీరు చేరాక ఆ ప్రమాణం 155 డిగ్రీలే. విశాఖ తేమలో ఏళ్ల తరబడి మార్చని ఆయిల్ ఎలా ఉంటుందో ఊహించుకోండి.

గాజువాక బండి:
ఆటోనగర్ మాకు దగ్గరే. మోటారే వేగం తగ్గించే రీజెన్ ఉంది కదా, నెమ్మదిగా నడుపుకుంటూ వెళ్లవచ్చా?

నిశ్శబ్ద ప్రయాణం:
వద్దండీ. బ్యాటరీ నిండుగా ఉంటే రీజెన్ బాగా తగ్గిపోతుంది, కొన్నింట్లో అసలు పనిచేయదు. అరకులో రాత్రంతా ఛార్జింగ్ పెట్టి పొద్దున్నే ఘాట్ దిగేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. బండి నడక వేగానికి వచ్చేసరికి దాని బలం దాదాపు ఉండదు, అడ్డంగా వచ్చిన మనిషి ముందు ఆపేది పెడలే. బల్లపరుపు ట్రక్కు మీద ఎక్కించి పంపండి. తాడు కట్టి లాగిస్తే చక్రాలతోపాటు మోటారూ తిరుగుతుంది.

పాతబండి ప్రియుడు:
సరే, బోరు పోయింది, అసలు సిలిండర్ దొరకలేదు అనుకుందాం. లేత్‌లో బోరు లోపల స్టీలు స్లీవ్ (తొడుగు గొట్టం) వేయించవచ్చు, లేదా వేరే కారుది బిగించవచ్చు. ఆ మాత్రం దానికి బండిని పాత ఇనుముకు వేసుకుంటామా?

లేత్ మనిషి:
స్లీవ్ వేయవచ్చు. కష్టమంతా ఆయిల్ డబ్బాను బోరుతో కలిపే కంపెన్సేటింగ్ రంధ్రం దగ్గర. అది చాలా సన్నది, డ్రిల్ చేశాక అంచున వెంట్రుకవాసి పొడుచుకు వచ్చినా కప్పు పెదవిని కోసేస్తుంది. ఆ అంచు చంపడం తెలిసినవాళ్లు తక్కువ.

వేరే కారుది అంటే బోరు కొలత సరిగ్గా అదే ఉండాలి. 19.05 మిల్లీమీటర్లకు బదులు 20.64 వేస్తే తేడా ఒకటిన్నర మిల్లీమీటరే అనిపిస్తుంది. వైశాల్యం 17 శాతం పెరుగుతుంది. అంతే బలంతో తొక్కితే పీడనం దాదాపు 15 శాతం తగ్గుతుంది. పెడల్ గట్టిగా, బాగున్నట్టే తోస్తుంది, బండి మాత్రం ఆలస్యంగా ఆగుతుంది.

కొండాపూర్ కొత్తబండి:
ఇది చదివి కొత్త కార్ల మీద చెయ్యి వేయకండి. శూన్యం పంపు లేకుండా మోటారు బూస్టర్ ఉన్నవాటిలో సర్వీసు పద్ధతిలోకి (సర్వీస్ మోడ్) పెట్టకుండా పైపులు విప్పకూడదు. కొన్ని హైబ్రిడ్ కార్లలో తలుపు తీయగానే బ్రేకు వ్యవస్థ మేల్కొని పీడనం పెంచుకుంటుంది.

గాజువాక బండి:
విప్పించాం. గుడ్డకు కొద్దిగా జిడ్డు అంటింది, బూస్టర్ అడుగున నిలిచిన ఆయిల్ లేదు. బోరు అడుగున మాత్రం రెండు గుంటలు ఉన్నాయి, పుల్ల తట్టుకుంది. అదే కొలత కొత్త సిలిండర్ హైదరాబాదు రాణిగంజ్‌లో దొరికింది, తెప్పిస్తున్నాం. బూస్టర్ తుడిచి అదే ఉంచుతున్నాం.

పాతబండి ప్రియుడు:
రెండు గుంటలూ కప్పు ముందుకూ వెనక్కూ కదిలే మేరలో ఉన్నాయా? లేకపోతే అనవసరంగా ఖర్చు పెట్టారు.

గాజువాక బండి:
ఒకటి ఆ మేరలోనే ఉంది.

లేత్ మనిషి:
కొత్తది బిగించేటప్పుడు బూస్టర్ నుంచి పిస్టన్‌ను నెట్టే పుష్ రాడ్‌కు, పిస్టన్‌కు మధ్య కాస్త ఖాళీ ఉందో లేదో కొలిపించండి. లేకపోతే కప్పు ఆ కంపెన్సేటింగ్ రంధ్రాన్ని మూసే ఉంచుతుంది, వేడికి ఆయిల్ వ్యాకోచించి బ్రేకులు వాటంతటవే పట్టేస్తాయి. పాత బూస్టర్‌కు కొత్త సిలిండర్ జతచేసినప్పుడు తరచూ జరిగేది ఇదే.