మూడున్నరేళ్ళుగా వ్యానే మా ఇల్లు. ఇప్పుడు తిరుపతి దగ్గర ఆగాలనుంది, ఎలా మొదలుపెట్టాలి?

డ్రైవరుగారి ఇల్లాలు:

అందరికీ నమస్కారం. కొంచెం పెద్దగానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మా ఆయన ఆర్టీసీలో 31 ఏళ్ళు డ్రైవరుగా చేసి 2021లో రిటైరయ్యారు. మాది పీలేరు పక్కన పల్లె. ఆయన సర్వీసులో ఉన్నన్నాళ్ళూ నేను చూసింది పీలేరు, తిరుపతి, మదనపల్లె, అంతే. ఇంట్లో కుట్టుమిషన్ ముందు కూర్చుని ఆయన డ్యూటీ దిగే టైము లెక్కపెట్టుకునేదాన్ని. రిటైరైన వారంలోనే "ఇన్నేళ్ళు ఊరందర్నీ తిప్పినా, ఇంక నిన్ను తిప్పుతా" అన్నారు. మాటవరసకి అన్నారనుకున్నా. ఆర్నెల్లు తిరిగేసరికి సెకండ్‌హ్యాండ్ టెంపో ట్రావెలర్ కొని, సీట్లు పీకించి, మంచం, వంటగట్టు, 120 లీటర్ల నీళ్ళ ట్యాంకు, పైన రెండు సోలార్ పలకలు పెట్టించారు. పని మొదలుపెట్టకముందే ఆర్టీఓ ఆఫీసులో అనుమతి తీసుకుని ఆర్‌సీలో మార్పించారు. పిల్ల పెళ్ళికి సొంతిల్లు ముందే అమ్మేశాం, ఉంటున్నది అద్దెకి. అది ఖాళీ చేసి 2022 ఫిబ్రవరిలో బయల్దేరాం.

ధనుష్కోడి చూశాను. గోకర్ణంలో నెలన్నర ఉన్నాం. హంపిలో తుంగభద్ర ఒడ్డున బట్టలుతుక్కుంటూ, ఇంత దూరం నేనేనా వచ్చింది అని ఒకసారి ఏడ్చేశాను కూడా. ఆ మూడున్నరేళ్ళకి ఆయనకి ఎంత రుణపడి ఉన్నానో ఆయనకి నేను సరిగా చెప్పనేలేదు. అందుకే ఆగుదామని నోరు తెరవడానికి ఇంత కష్టంగా ఉంది.

కిందటి వేసవిలో మా అన్న పెద్దకూతురి పెళ్ళయింది. మా పక్క పెళ్ళి పిలుపంటే ఇంటికొచ్చి, బొట్టు పెట్టి, శుభలేఖ చేతికిస్తారు. మాకు వాట్సాప్‌లో వచ్చింది. వదినకి ఫోన్ చేస్తే, "ఏ ఇంటికి రమ్మంటావమ్మా, మీకు గడప ఎక్కడుంది?" అంది. తప్పుపట్టలేదు, నిజంగానే అడిగింది. అప్పుడు మేం నారాయణవనం గుడి దగ్గర చెట్టుకింద ఉన్నాం. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

ఇప్పుడు చంద్రగిరి దగ్గర, శ్రీనివాస మంగాపురం పక్క, ఆయన స్నేహితుడి మామిడితోటలో బండి పెట్టుకుని ఉన్నాం. వాళ్ళ మోటారు షెడ్డు నుంచి కరెంటు ఇచ్చారు. కూతురు తిరుపతిలో ఉంటుంది. ఆ ఫ్లాట్‌లో వారం ఉందామని వెళ్తే ఆయన మూడోరోజు రాత్రి కిందకి దిగి బండిలో పడుకున్నారు. అడిగితే గోడలు దగ్గరికి వస్తున్నట్టుందన్నారు. బండికంటే ఆ గది నాలుగింతలుంటుంది.

మా దగ్గర 24 లక్షలున్నాయి. పింఛను తక్కువే. స్థలం కొనాలా, అద్దెకి ఉండాలా? తిరుపతి చుట్టుపక్కలా, చిత్తూరా, పలమనేరా? బండి అమ్మాలా, ఉంచుకోవాలా? ఇలా తిరిగి తిరిగి ఆగినవాళ్ళు ఎవరైనా ఉంటే, ఇంట్లో మనిషికి ఆ మాట ఎలా చెప్పారో కూడా చెప్పండి.

అవిలాల వాసి:

అమ్మా, స్థలం సంగతి నాకు తెలిసినంత చెప్తాను. ముందు కొనకండి. సంవత్సరం అద్దెకుండి ఒక నవంబరు, ఒక మే చూడండి. మనకి పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతోనే వస్తాయి. ఎండాకాలంలో చూపించిన ప్లాటు నవంబరులో ఏమవుతుందో అక్కడుంటేనే తెలుస్తుంది. 2021 నవంబరులో స్వర్ణముఖి ఎలా పారిందో, రాయలచెరువు కట్టకి లీకు పడి కింద పల్లెల్ని ఎలా ఖాళీ చేయించారో చూసినవాళ్ళం. చెరువు కింద, వాగు పక్కన చవగ్గా వస్తోందంటే కారణం ఉంటుంది.

ఇంకోటి, ఇక్కడ స్థలం అంకణాల్లో చెప్తారు. తిరుపతిలో అంకణం అంటే 36 చదరపు అడుగులు. నెల్లూరులో 72. మా బావమరిది నెల్లూరు లెక్కలో 30 అంకణాలు అనుకుని ఒప్పుకుని, కొలిస్తే 1,080 చదరపు అడుగులు వచ్చేసరికి అడ్వాన్సు పోగొట్టుకున్నాడు. ఎవరేం చెప్పినా చదరపు అడుగుల్లో కాగితం మీద రాయించుకోండి.

డీకేటీ పట్టా అన్నారంటే అక్కడ ఆగండి. అది ప్రభుత్వం పేదలకి ఇచ్చిన అసైన్డ్ భూమి. 1977 చట్టం దాని అమ్మకాన్ని నిషేధించింది. తర్వాత సడలింపులొచ్చాయి గానీ అవి అన్ని భూములకీ వర్తించవు, లాయరుకి చూపించకుండా ఒక్క రూపాయి ఇవ్వకండి. 22-ఏ నిషేధిత జాబితాలో సర్వే నంబరుందేమో చూడండి. దేవాలయాల, మఠాల భూములు మన దగ్గర ఎక్కువ, ఆ జాబితాలో ఉంటే రిజిస్ట్రేషనే జరగదు. ఈసీ, అంటే ఆ స్థలం మీద జరిగిన అమ్మకాలూ తాకట్లూ చూపించే రిజిస్ట్రేషన్ ఆఫీసు కాగితం, కనీసం 30 ఏళ్ళకి తీయండి. లేఅవుట్ అయితే తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) అప్రూవల్ నంబరు అడిగి, తుడా ఆఫీసుకే వెళ్ళి సరిచూసుకోండి.

24 లక్షలకి ఊళ్ళో స్థలమూ ఇల్లూ రెండూ రావు. ఉన్నదంతా మట్టిలో పెట్టి, ఆస్పత్రి ఖర్చొస్తే చేతులు చూసుకునే పరిస్థితి తెచ్చుకోకండి.

పలమనేరు మాస్టారు:

అమ్మా, ఎండ పడకపోతే పలమనేరు ఆలోచించండి. సముద్రమట్టానికి రెండు వేల అడుగుల పైనే ఉంటాం. చిత్తూరు దాటి మొగిలి ఘాట్ ఎక్కగానే గాలి మారడం మీకే తెలుస్తుంది. మే నెలలో కూడా రాత్రిళ్ళు కిటికీ తెరిచి పడుకుంటాం. ఊరి బయట తోటల్లో ఏనుగుల సమస్య ఉంది, కాబట్టి ఊళ్ళోనే చూసుకోండి. కానీ మీ అమ్మాయి తిరుపతిలో ఉందన్నారు. ఈ వయసులో అమ్మాయికి దగ్గరగా ఉండటం చల్లగాలికంటే ముఖ్యమని నాకనిపిస్తుంది.

నెల్లూరక్క:

చెల్లీ, ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. నీకు ఆగాలనుందా, లేక వదిన మాటకి మనసు నొచ్చుకుందా? అవి రెండూ వేరు. నేను భర్త పోయాక సొంతింట్లో ఒక్కదాన్నే ఉంటున్నాను. నాకు గడప ఉంది, బొట్టు పెట్టడానికి వస్తారు కూడా, కానీ గోకర్ణం తీసుకెళ్ళే మనిషి లేడు. మాట పడ్డందుకే అయితే ఆగవద్దు. ఒంట్లో ఓపిక లేక అయితే వెంటనే ఆగు.

చిత్తూరు తిరిగొచ్చినవాడు:

అమ్మా, నేనూ మా ఆవిడా అమెరికాలో రెండేళ్ళు ట్రెయిలర్ ఇంట్లో ఉన్నాం. నావి కాంట్రాక్టు ఉద్యోగాలు, ఆర్నెల్లకో ఊరు. అద్దెలు కట్టలేక పికప్ ట్రక్కు వెనక తగిలించే ఫిఫ్త్ వీల్ అనే రకం ట్రెయిలర్ కొన్నాం. అక్కడ అది చాలామందికి మామూలు జీవితం. నీళ్ళు, కరెంటు, మురుగు పైపు మూడూ తగిలించుకునే పార్కులుంటాయి. పశ్చిమ రాష్ట్రాల్లో ప్రభుత్వ భూముల్లో చాలాచోట్ల 14 రోజులు ఉచితంగా ఉండనిస్తారు, తర్వాత కదలాలి. చలికాలం వస్తే ఆరిజోనాలో క్వార్ట్‌జ్‌సైట్ అనే చిన్న ఊరి చుట్టూ ఎడారి నిండా బళ్ళే. సొంత ఊరు లేనివాళ్ళు సౌత్ డకోటా లాంటి రాష్ట్రంలో ఉత్తరాలు అందుకునే సంస్థ ద్వారా అడ్రసు పెట్టుకుంటారు. మనకి ఆ ఏర్పాట్లేవీ లేకుండానే మూడున్నరేళ్ళు ఉన్నారంటే అది మీ ఇద్దరి ఓపిక.

ఆగడం గురించి అడిగారు కాబట్టి చెప్తాను. ఇండియాకి వచ్చి చిత్తూరులో మా నాన్న ఇంట్లో దిగాక నాకూ మీ ఆయనకి జరిగిందే జరిగింది. రెండు నెలలు నిద్రలేదు. బండిలో పడుకుంటే పంపు శబ్దం, ఫ్రిజ్ శబ్దం, గాలికి గోడ కదలడం అన్నీ చెవికి తెలుస్తాయి. ఏ శబ్దం మారినా లేచి చూస్తాం, అంతా చేతికందేంత దూరంలో ఉంటుంది. ఇంట్లో పై అంతస్తులో కుళాయి కారినా తెలియదు. 31 ఏళ్ళు ఇంజను శబ్దం విని బండి బాగోగులు చెప్పిన మనిషికి అది ఇంకా ఎక్కువుంటుంది. దాన్ని మొండితనం అనుకోకండి.

మాకు పనికొచ్చింది ఒక్కసారిగా ఆగకపోవడం. మా ట్రెయిలర్ అక్కడే అమ్మేశాం, ఆ తప్పుకి ఇప్పటికీ బాధపడుతున్నాను. మీరు బండి అమ్మకండి. బండి లోపలికి పట్టే గేటున్న ఇల్లు అద్దెకి తీసుకోండి. ఆయన బండిలో పడుకున్నా అది మీ ఇంటి ఆవరణే అవుతుంది.

ఎవరో ఒకరు అద్దెకి తిప్పి సంపాదించుకోమంటారు, ఆ పని చేయకండి. తెల్లబోర్డు బండిని, అంటే సొంత వాడకానికి రిజిస్టరైన బండిని, కిరాయికి తిప్పితే నేరం, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు కూడా రాకపోవచ్చు.

నిలిపి ఉంచితే బండి పాడవుతుంది, అది ఆయనకి నేను చెప్పక్కర్లేదు. ఇంటి సామాను సంగతి మాత్రం చెప్తాను. లిథియం బ్యాటరీని నిండా చార్జి చేసి నెలలు వదిలేయకండి, సగానికి ఉంచి కనెక్షన్ తీసేయండి. నీళ్ళ ట్యాంకు పూర్తిగా వంచేసి ఆరబెట్టండి. గ్యాస్ సిలిండర్ బయట పెట్టండి. మామిడిచెట్టు కింద ఉందన్నారు, జిగురు పడితే సోలార్ పలకలు సరిగా పనిచేయవు, ఎలుకలు వైర్లు కొరుకుతాయి. రెండు వారాలకోసారి ఇరవై కిలోమీటర్లైనా తోలాలి, ఊరికే స్టార్ట్ చేసి ఆపితే లాభం లేదు.

ఇంకో విషయం. అద్దె అగ్రిమెంటు రాయించుకోగానే ఆధార్‌లో అడ్రసు మార్పించుకోండి, ఓటుకి ఫారం 8 పెట్టండి. బ్యాంకు, గ్యాస్, మందుల కార్డు అన్నీ దాని వెనకే నడుస్తాయి.

డ్రైవరుగారి ఇల్లాలు:

అందరికీ చేతులెత్తి దణ్ణం. వారం పట్టింది జవాబు రాయడానికి.

నెల్లూరక్కా, మీ ప్రశ్న నన్ను రెండు రోజులు వదల్లేదు. మొదలైంది వదిన మాటతోనే, అబద్ధం చెప్పను. కానీ కూర్చుని ఆలోచిస్తే అంతకుముందే ఒంట్లో మొదలైంది. బండి మెట్టు అడుగున్నర ఎత్తు, రోజుకి నలభైసార్లు ఎక్కి దిగుతాను, ఎడమ మోకాలు రాత్రికి వాచిపోతోంది. టాయిలెట్ డబ్బా తీసుకెళ్ళి పారబోసే పని ఆయనది, ఆయన నడుం పట్టేసిన రోజున అదీ నాదే. కిందటి మే నెలలో ఏసీ పెట్టించుకుందామని అడిగాను. మా బ్యాటరీ 12 వోల్టులు, 200 ఆంపియర్ అవర్లు, అంటే దాదాపు రెండున్నర యూనిట్లు. టన్ను ఏసీ రెండు గంటలు తిరిగితే అయిపోతుందని ఆయన కాగితం మీద లెక్కేసి చూపించారు. ఆ నెలంతా తడిబట్ట కప్పుకుని పడుకున్నాను. ఇవేవీ ఆయనతో అనలేదు. ఆయన నా కోసం కట్టిన బండిలో నాకు కష్టంగా ఉందని ఎలా చెప్పడం?

చివరికి చెప్పలేదు. మీ జవాబులన్నీ ఫోన్‌లో ఆయనకి చదివి వినిపించాను, నేను రాసింది కూడా. హంపి దగ్గరికి వచ్చేసరికి నాకు గొంతు పట్టేసింది, మిగతాది ఆయనే తీసుకుని చదువుకున్నారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. లేచి వెళ్ళి బండి మెట్టు కింద ఇంకో చెక్క మెట్టు పెట్టడానికి కొలతలు తీశారు. తర్వాత, "నువ్వు దిగమంటే దిగుతా, నీ మోకాలు సంగతి నాకెందుకు చెప్పలా?" అన్నారు. అంతకంటే ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

తెల్లారి నుంచి ఇద్దరం చంద్రగిరిలో ఇళ్ళు చూశాం. నాలుగు చూస్తే రెండింటికి గేటు చాలదు. మా బండి వెడల్పు ఏడడుగులు, పలకలతో కలిపి ఎత్తు తొమ్మిది. కోట వైపు వెళ్ళే రోడ్డులో ఒక పాత పెంకుటిల్లు దొరికింది. రెండు గదులు, వంటిల్లు, వెనక బావి, ముందు పదకొండడుగుల గేటు. అద్దె ఏడున్నర వేలు, పదకొండు నెలల అగ్రిమెంటు. స్తంభం నుంచి ఇంటికొచ్చే కరెంటు తీగ కిందికి ఉంది, లైన్‌మన్ వచ్చి పైకి లాగి కట్టి వెళ్ళాడు. స్థలం మాట వచ్చే సంవత్సరం దాకా ఎత్తం. అవిలాల అన్నా, మీరు చెప్పినట్టు నవంబరు చూస్తాం. పలమనేరు మాస్టారూ, మే నెలలో మీ ఊరికి బండేసుకుని వస్తాం.

శుక్రవారం పాలు పొంగించాం. ఆయన నాలుగు రాత్రులు బండిలోనే పడుకున్నారు, నేను తలుపు తీసి పెట్టుకుని లోపల పడుకున్నా. ఐదో రాత్రి ఫ్యాను శబ్దం బాగాలేదంటూ లోపలికి వచ్చి, స్టూలేసుకుని దాన్ని విప్పి, నూనె వేసి బిగించి, ఇక్కడే నిద్రపోయారు. మళ్ళీ రేపు ఎక్కడ పడుకుంటారో నాకు తెలియదు, అడగను.

అన్నకి ఫోన్ చేసి చెప్పాను. చిన్నమ్మాయికి సంబంధం కుదిరిందట, మాఘంలో ముహూర్తం. వదిన ఫోన్ తీసుకుని గుర్తులు అడిగింది. బస్టాండు దాటి కోట రోడ్డులో, లోపల తెల్ల వ్యాను నిలబెట్టి ఉన్న ఇల్లు అని చెప్పాను.

చిత్తూరు తమ్ముడూ, ఒక్క సందేహం. ట్యాంకు వంచేశాం, కానీ అడుగున రెండు వేళ్ళ ఎత్తు నీళ్ళు మిగిలాయి, పైపులోంచి రావడం లేదు. గుడ్డ పెట్టి తుడవచ్చా, లేక మూత తీసి ఎండకి వదిలేస్తే చాలా?