‘ఓడిపోయే అవకాశం’ ఎవరికి కావాలి?

అనువాదాలు చేసే అమ్మాయి:

అందరికీ నమస్కారమండీ. 2020లో అమెరికా అధ్యక్ష ఎన్నికకు డెమొక్రటిక్ పార్టీలో టికెట్ కోసం జరిగిన పోటీ మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. ఫిబ్రవరి మధ్యలో బైడెన్ పరిస్థితి చెప్పే చోట ఆగిపోయాను. పార్టీ అభ్యర్థి కోసం రాష్ట్రాలవారీగా జరిగే ఓటింగులో అయోవాలో నాలుగో స్థానం, న్యూ హాంప్‌షైర్‌లో అయిదు. ‘దీంతో బైడెన్ ఓడిపోయే అవకాశాలు మరింత మెరుగయ్యాయి’ అని రాసి పైకి చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. ‘మెరుగయ్యాయి’ కొట్టేసి ‘పెరిగాయి’ అన్నాను. అయినా ఓడిపోయే అవకాశం ఎవరికి కావాలండీ? ‘సంభావ్యత’ అంటే పదో తరగతి లెక్కల పుస్తకం గుర్తొస్తోంది. వేరే మాటుంటే చెప్పండి.

లెక్కల మాస్టారు:

సంభావ్యతను అంత తేలిగ్గా తీసెయ్యకమ్మా. ముప్పై ఏళ్ళు బోర్డు మీద రాసిన మాట. దానికి మంచీ చెడూ అంటవు. పాచికలో ఆరు పడటమూ, పడకపోవటమూ దానికి ఒకటే. పైగా బరిలో ఎంతమంది ఉన్నా అందరి సంభావ్యతలూ కలిపితే ఒకటే రావాలి, ఒకరిది పెరిగిందంటే ఇంకెవరిదో తరిగినట్టే. ‘పోటీలో ఉన్న అందరి అవకాశాలూ పెరిగాయి’ అని రాసేవాళ్ళు ఈ లెక్క చూసుకోరు.

ఇంకో పొరపాటు కూడా చెయ్యకు. సర్వేలో 30 శాతం ఓట్లు వచ్చాయంటే గెలుపుకు నూటికి ముప్పై పాళ్ళని కాదు. మిగతావాళ్ళు పదీ పన్నెండు దగ్గర చీలిపోయి ఉంటే ఆ ముప్పైతోనే గట్టెక్కేస్తారు. ఇద్దరే మిగిలితే అదే ముప్పై ఎందుకూ కొరగాదు.

పేపరు డెస్కులో పనిచేసి రిటైరైనాయన:

మాస్టారి లెక్క ఒప్పే. కానీ ‘బైడెన్ సంభావ్యత తగ్గింది’ అని హెడ్డింగు పెడితే మా ఎడిటరు నన్ను ఇంటికి పంపేవారు.

‘అవకాశం’ సంగతి చెప్తాను. సంస్కృతంలో దానికి చోటు, ఎడం అనే అర్థాలున్నాయి. ఆ లెక్కన ఓటమికీ చోటుందనుకోవచ్చు. తెలుగులో మాత్రం అది ఎప్పుడో ‘అందివచ్చింది’, ‘చేజారింది’ అనే మాటలతో కాపురం పెట్టేసింది. నా పరీక్ష ఒకటే: పక్కన ‘చేజారింది’ పెట్టి చదవండి. ‘గెలిచే అవకాశం చేజారింది’ బాగుంది. ‘ఓడిపోయే అవకాశం చేజారింది’ అంటే వెక్కిరింత. తుపాను ‘తీరం దాటే అవకాశం’ అని నేనే ఎన్ని రాత్రులు రాశానో, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అసలు ఇక్కడ నామవాచకం కోసం వెతకడమే పొరపాటు. మనవాళ్ళు గెలుపోటముల అంచనాను క్రియలో పెడతారు. పోలింగు ముందురోజు టీ కొట్టు దగ్గర నిలబడి వినండి. ‘గెలుస్తాడు’ అన్నవాడు పందెం కాసి ఉంటాడు. ‘గెలిచేలా ఉన్నాడు’ అన్నవాడు నాలుగూళ్ళు తిరిగి చూసొచ్చినవాడు. ‘గెలవచ్చు’ అన్నవాడు రేపు ఎవరికీ దొరకడు. ‘గెలిస్తే గెలవచ్చు’ అంటే ఇంకో మెట్టు కిందికి దిగినట్టు. ఇక ‘గెలిచినా గెలుస్తాడు’ ఉంది చూశారూ, అన్నిటికంటే గమ్మత్తైనది అదీ. ఊరంతా వదిలేసింది, నేను మాత్రం పూర్తిగా వదల్లేదు అని. అంత మాటా ఆ ఒక్క ‘నా’ మోస్తోంది.

మీ బైడెన్‌కు ఫిబ్రవరి మధ్యలో సరిపోయే మాట ఇదే. నెవాడాలో రెండో స్థానానికి వచ్చాక ‘గెలిస్తే గెలవచ్చు’. 29న సౌత్ కరోలినాలో సగానికి కాస్త తక్కువ ఓట్లతో గెలిచి, బుటిజెజ్, క్లోబుషర్ తప్పుకుని ఆయన పక్షాన నిలబడ్డాక ‘గెలిచేలా ఉన్నారు’. మార్చి 3న పద్నాలుగు రాష్ట్రాల్లో పది వచ్చాక ఆ ‘లా’ కూడా అక్కర్లేకపోయింది. మూడు వారాల్లో ఒకే క్రియ ఇన్ని వేషాలు వేసింది. దీన్ని శాతాల్లో చెబితే ఏం రుచి?

అన్నట్టు, సౌత్ కరోలినా దగ్గర ‘బోణీ’ అని తప్పక వాడండి. 1988 ఎన్నికకని దిగి ఓట్ల దాకా రాకుండా 1987లోనే విరమించుకున్నారాయన. 2008లో అయోవాలో ఒక్క శాతం కూడా రాక ఆ రాత్రే తప్పుకున్నారు. మూడు దఫాల ప్రయత్నంలో ఆయన గెలిచిన మొట్టమొదటి ప్రైమరీ, అంటే పార్టీ అభ్యర్థి కోసం రాష్ట్రంలో జరిగే ఓటింగు, అది.

అనువాదాలు చేసే అమ్మాయి:

బోణీ వేసేశానండీ, థాంక్స్. ప్రైమరీకి ‘ప్రాథమిక ఎన్నిక’ అని పెట్టాను, ఫరవాలేదా?

పేపరు డెస్కు:

ప్రాథమిక అంటే పక్కన పాఠశాలో, ఆరోగ్య కేంద్రమో కనబడుతుంది. ప్రైమరీ అనే ఉంచండి, పేపరు చదివేవాళ్ళకు అలవాటైన మాటే. అక్కడ పోటీదారులకు మాత్రం ‘ఆశావహులు’ అనండి. మన దగ్గర టికెట్ అడిగేవాళ్ళకు పేపర్లు వాడే మాట. పార్టీ మహాసభలో పేరు ఖాయమయ్యేదాకా వాళ్ళు ఆశావహులే. తేడా ఏమిటంటే మనవాళ్ళు అధిష్ఠానం గుమ్మం దగ్గర కాచుకుంటారు, వాళ్ళు రాష్ట్రం రాష్ట్రం తిరిగి ఓటరు దగ్గర తెచ్చుకోవాలి. అందుకే ‘గెలుపు గుర్రాలకే టికెట్లు’ అనే మన వాక్యం అక్కడ తిరగబడుతుంది. ఆ టికెట్టే పందెం.

‘గంపగుత్త’ కూడా ఒకచోట పనికొస్తుంది. 2016లో రిపబ్లికన్ల ఫ్లోరిడా ప్రైమరీలో ట్రంప్‌కు వచ్చినవి సగానికి తక్కువ ఓట్లే, పార్టీ మహాసభలో అభ్యర్థిని ఎన్నుకునే ప్రతినిధులు మాత్రం 99 మందీ ఆయనకే. సొంత రాష్ట్రంలో ఓడిన రూబియో ఆ రాత్రే పోటీ విరమించారు. డెమొక్రాట్లలో ఈ గంపగుత్త బేరం లేదు, 15 శాతం దాటినవాళ్ళకు వాటాలు పంచుతారు. అందుకే అక్కడ ‘ఇంకా ఆశ ఉంది’ అనేవాళ్ళు ఎక్కువ కాలం లాగుతారు.

డెమోయిన్ నుంచి ఒకావిడ:

ఆ 15 శాతం మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. 2020 ఫిబ్రవరి 3 రాత్రి ఇక్కడ అయోవాలో మా దగ్గరి బడి జిమ్‌లో కాకస్‌కు, అంటే గుంపులుగా నిలబడి అభ్యర్థిని తేల్చే పార్టీ సభకు, వెళ్ళాను. బ్యాలెట్ పెట్టె లేదు. ఒక్కొక్కరి పేరు గోడకు అంటించి ఉంది, మనం వెళ్ళి దాని కింద నిలబడాలి. రెండొందల మందిమి ఉంటే ముప్పై మంది లేని గుంపు చెల్లదు. బైడెన్ మూల ఇరవై ఆరు దగ్గర ఆగిపోయింది. రెండిళ్ళ అవతల ఉండే పెద్దాయన మడతకుర్చీ చంకన పెట్టుకుని చెల్లని గుంపులన్నీ తిరిగాడు, ‘నలుగురు చాలు, నలుగురే’ అని. చివరికి ముగ్గురు వచ్చారు. ఇరవై తొమ్మిది. ఆయన కుర్చీ విప్పి అక్కడే కూర్చుండిపోయాడు. ఇంగ్లీషులో ఏదో పెద్ద మాట ఉంది దీనికి, నాకైతే మాస్టారు అన్న ‘గట్టెక్కడం’ తప్ప ఇంకేదీ తోచలేదు. ఒడ్డు ఒక్క మనిషి దూరంలో ఉండిపోయింది.

లెక్కల మాస్టారు:

నేను అనాలోచితంగా వాడాను తల్లీ. నీ దగ్గరే దానికి అర్థం వచ్చింది.

అనువాదాలు చేసే అమ్మాయి:

ఒక్క శాతం దగ్గరే ఉండిపోయినవాళ్ళు చాలామంది ఉన్నారండీ. మొత్తం ఇరవై మందికి పైగా దిగారు. వాళ్ళను ‘ఆటలో అరటిపండు’ అనొచ్చా?

పేపరు డెస్కు:

నోరూరించే మాటే. కానీ వద్దు. అరటిపండును ఆటకు ముందే అరటిపండని ఒప్పుకుని చేర్చుకుంటాం, ఔటైనా లెక్క లేదు. వీళ్ళు ఔటవుతారు. పైగా 1976లో కార్టర్‌ను కూడా మొదట్లో ఎవరూ లెక్కచెయ్యలేదు. ఆ ఏడు అయోవాలో ఎక్కువమంది నిలబడింది ‘ఇంకా ఎవరికీ కాదు’ అనే పక్షాన, ఆ తర్వాత కార్టర్. పేరున్నవాళ్ళలో ముందున్నది ఆయనే కదా, అక్కణ్ణుంచి అధ్యక్షుడి దాకా వెళ్ళారు. ‘గెలిచినా గెలుస్తాడు’లో ‘నా’ అలాంటివాళ్ళ కోసమే.

అనువాదాలు చేసే అమ్మాయి:

అయితే ఇలా మార్చాను: ‘న్యూ హాంప్‌షైర్ తర్వాత బైడెన్ గట్టెక్కేలా లేరని పార్టీలోనే చాలామంది అనుకున్నారు. గెలిచినా గెలుస్తారన్నది సౌత్ కరోలినా మీద ఆశ పెట్టుకున్నవాళ్ళే.’ అవకాశం ఎక్కడా లేదు.

లెక్కల మాస్టారు:

సంభావ్యతా లేదు. కానీ బాగుంది.

డెమోయిన్ నుంచి ఒకావిడ:

ఆ రాత్రి ఇల్లు చేరేసరికి విజయవాడలో అమ్మ కాఫీ తాగుతూ ఫోన్ చేసింది, ‘ఎవరు గెలిచారే?’ అని. లెక్కలు పంపే యాప్ మొరాయించి ఫలితాలు ఆగిపోయాయి. ‘ఇంకా తేలలేదమ్మా’ అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ‘పోనీ, ఎవరు గెలిచేలా ఉన్నారు?’ అంది.