బరంపురంలో కళాసంస్థలో విధాన పరిశోధన ఇంటర్న్‌షిప్: చేరవచ్చునా?

ప్రశ్న: బరంపురం విద్యార్థిని

నేను బరంపురంలో రాజనీతి శాస్త్రంలో ఎం.ఏ. చివరి సంవత్సరం చదువుతున్నాను. జానపద కళాకారులతో పనిచేసే ఇక్కడి స్వచ్ఛంద సంస్థ ఒకటి విధాన పరిశోధనకు మూడు నెలల ఇంటర్న్‌గా రమ్మని నన్ను పిలిచింది. వృద్ధ కళాకారులకు ప్రభుత్వం ఇచ్చే సహాయం అర్హులకు ఎంతవరకు అందుతోందో పరిశీలించి, నివేదిక రాయాలట. భత్యం సంగతి అడిగితే "చూద్దాం" అన్నారు. ఆటా పాటా తెలియని నేను కళాసంస్థలో చేసిన పరిశోధన రేపు ఉద్యోగానికి గాని, పిహెచ్‌డికి గాని లెక్కకు వస్తుందా? మాది తెలుగు ఇల్లు. ఒడియా ధారాళంగా మాట్లాడతాను గాని, ప్రభుత్వ ఉత్తర్వులలోని ఒడియా చదవాలంటే చాలాసేపు పడుతుంది. అది అడ్డంకి అవుతుందా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: ఛత్రపురం నుంచి

నేను స్వచ్ఛంద సంస్థలలోనే పనిచేస్తున్నాను కనుక పని ఎలా ఉంటుందో చెబుతాను. కేంద్ర సాంస్కృతిక శాఖ పథకం కింద 60 ఏళ్లు నిండి, ఏడాదికి 72,000 రూపాయలకు మించని ఆదాయం ఉన్న కళాకారులకు నెలకు 6,000 రూపాయల వరకు సహాయం అందుతుంది. ఒడిశా ప్రభుత్వానికి ముఖ్యమంత్రి కళాకార్ సహాయతా యోజన వేరుగా ఉంది. ఉత్తర్వులు చదివితే అంతా సవ్యంగానే కనిపిస్తుంది. తాను కళాకారుడినని దరఖాస్తుదారు నిరూపించుకోవలసి వచ్చినప్పుడే చిక్కు మొదలవుతుంది.

మన ఠాకురాణీ యాత్రనే తీసుకోండి. రెండేళ్లకు ఒకసారి బుఢీ ఠాకురాణి అమ్మవారు దేశిబెహరా వీధికి వచ్చినప్పుడు మొక్కుబడిగా పులివేషం కట్టేవాళ్లు ఎందరో ఉన్నారు. వారిలో మగ్గం నేసేవారూ ఉంటారు, కూలికి వెళ్లేవారూ ఉంటారు. ముప్ఫై నలభై ఏళ్లుగా వేషం కడుతున్న మనిషి దగ్గర కూడా ప్రశంసాపత్రం గాని, పత్రికలో పడిన వార్త గాని ఉండకపోవచ్చు, ఎందుకంటే అతను ఆడింది అమ్మవారి కోసమే తప్ప సభ కోసం కాదు. అటువంటి మనిషిని పథకం కళాకారుడిగా గుర్తించాలా, గుర్తిస్తే ఏ ఆధారంతో గుర్తించాలి, ఆ ఆధారం ఇవ్వవలసింది వీధి పెద్దలా, జిల్లా సాంస్కృతిక అధికారా? నా దృష్టిలో మీ నివేదికకు ప్రాణం ఈ ప్రశ్నలలోనే ఉంది. ఎంతమందికి పింఛను అందిందన్న పట్టిక ఎవరైనా తయారు చేయగలరు. పేర్ల తేడాలు కూడా చూడండి. మన ఇంటిపేరు ఒక కార్డులో ముందు, మరొకదానిలో చివర ఉంటుంది, ఇంకొకదానిలో అసలే ఉండదు. అర్హత ఉన్నా దరఖాస్తు వెనక్కు రావడానికి ఇదొక్కటే చాలు.

సమాచార హక్కు చట్టం కింద అడగదలచుకున్న ప్రశ్నలను చేరిన మొదటి వారంలోనే పంపండి. రుసుము పది రూపాయలే గాని, జవాబుకు 30 రోజుల గడువు ఉంటుంది. అప్పీలుకు వెళ్లవలసి వస్తే మీ మూడు నెలలూ దానికే సరిపోతాయి.

జవాబు: పర్లాకిమిడి, విశ్రాంత ఉపాధ్యాయుడు

అమ్మాయీ, పై జవాబులో చెప్పిన విషయాలన్నీ సరైనవే. కళాకారుల ఇళ్లలో పుట్టి పెరిగినవాడిగా నేను మరొక వైపు చెబుతాను. మా ప్రాంతానికి పరిశోధకులు రావడం కొత్త కాదు. వచ్చి పాట రికార్డు చేసుకుంటారు, ఫొటో తీసుకుంటారు, ఆ తరువాత వారి జాడ ఉండదు. నువ్వు చేరే ముందు సంస్థవారిని ఒక మాట అడుగు: నివేదిక పూర్తయ్యాక అందులో ఉన్నది కళాకారులకు వారి భాషలో చదివి వినిపిస్తారా, లేక భువనేశ్వర్‌లో ఒక సమావేశం పెట్టి ముగిస్తారా?

ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. ఏడాదికి 72,000 అంటే నెలకు 6,000 రూపాయలు. పాత కళాకారుడు ఎదుటివారికి తన గొప్ప చెప్పుకోవడం సహజం. "ఈ ఏడు ఇన్ని ఊళ్లు తిరిగాను, ఇంత ఇచ్చారు" అని నీతో మురిసిపోతూ చెబుతాడు. దానిని నువ్వు అతని పేరుతో సహా అచ్చు వేస్తే, ఆ మాటే అతని పింఛనుకు ఎసరు పెడుతుంది. కాబట్టి పేర్లు, ఊళ్లు మార్చి రాయాలి. ఎవరి దగ్గరా అసలు పత్రాలు తీసుకుని వెళ్లకు. అక్కడే ఫొటో తీసుకుని, వాటిని వారి చేతికే తిరిగి ఇచ్చెయ్యి.

భాష గురించి దిగులు పడకు. గిడుగు రామమూర్తి గారు మా ఊళ్లో బడిపంతులుగా ఉంటూనే సవర భాష నేర్చుకుని, నిఘంటువు కూడా కూర్చారు. నీకు ఒడియా మాట్లాడడం వచ్చు, లిపి వచ్చు. ఉత్తర్వులలో పదే పదే వచ్చే పదాలు ఏమంత ఎక్కువ ఉండవు. నేతకారుల వీధులలో ముసలివారు తమ గోడు తెలుగులోనే చెప్పుకుంటారు కాబట్టి, అక్కడ నీకు తెలుగు రావడమే సంస్థకు లాభం.

జవాబు: రాయగడ నుంచి

నేను డబ్బు సంగతి మాత్రమే చెబుతాను, ఎందుకంటే "చూద్దాం" అన్న మాట నాకు నచ్చలేదు. అప్రెంటిస్‌ల చట్టం, 1961 ప్రకారం వచ్చే భత్యం ఇటువంటి ఇంటర్న్‌షిప్‌లకు వర్తించదు కనుక, కాగితం మీద రాసి ఇచ్చినదే మీకు దక్కుతుంది. విదేశీ విరాళాలు తీసుకునే సంస్థలు పరిపాలన ఖర్చును 20 శాతానికి మించనివ్వకూడదని విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ చెబుతోంది. అంతకు ముందు ఆ పరిమితి 50 శాతం ఉండేది. అందువల్ల కొన్ని సంస్థలకు నిజంగానే ఇబ్బంది ఉండవచ్చు. అయితే కంపెనీల చట్టం, 2013 కింద కంపెనీలు చేయవలసిన సామాజిక బాధ్యత ఖర్చులో సంప్రదాయ కళలకు కూడా చోటు ఉంది. ఈ పరిశోధనకు డబ్బు ఎవరు ఇస్తున్నారని మర్యాదగా అడగండి; అడగడంలో తప్పేమీ లేదు. భత్యం లేకపోయినా కొందరు సర్దుకోగలరేమో గాని, ఊళ్లు తిరిగే బస్సు ఖర్చు మీ చేతినుంచి పడే పక్షంలో చేరవద్దని నా సలహా.

ఉద్యోగం మాటకు వస్తే, నివేదిక మీద మీ పేరు ఉండడం ముఖ్యం. ప్రభుత్వ ఉత్తర్వు చదివి, దాని అమలులో లోపం ఎక్కడుందో ఆధారాలతో చూపించిన ఇరవై పేజీలు ఉంటే, అవి కళలకు సంబంధించినవా వ్యవసాయానికి సంబంధించినవా అని ఇంటర్వ్యూలో ఎవరూ పట్టించుకోరు.

బరంపురం విద్యార్థిని

అందరికీ ధన్యవాదాలు. మాస్టారు చెప్పిన పేర్ల జాగ్రత్త నాకు తట్టనే లేదు. భత్యం, ప్రయాణ ఖర్చు, నివేదిక మీద పేరు, కళాకారులకు చదివి వినిపించడం గురించి సంస్థకు ఉత్తరం రాస్తున్నాను. వారి జవాబును బట్టి నిర్ణయించుకుంటాను. ఇంకొక సందేహం. పింఛను రాని కళాకారుడు కలెక్టరుగారికి తెలుగులోనే అర్జీ పెట్టుకోవచ్చునా?

ఛత్రపురం నుంచి

పెట్టుకోవచ్చునండి. కష్టం చెప్పుకునే అర్జీని రాష్ట్రంలో గాని, దేశంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఇచ్చే హక్కు రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం ఉంది. సమాచార హక్కు దరఖాస్తు మాత్రం ఇంగ్లీషు, హిందీ, లేదా ఆ ప్రాంతపు అధికార భాషలోనే ఉండాలి కనుక, ఇక్కడ దానిని తెలుగులో ఇస్తే చెల్లదు. అర్జీకి కూడా ఒక ఒడియా ప్రతిని జతచేసి, రెండింటి మీదా అందినట్టు ముద్ర వేయించుకోండి. తెలుగు చదవగల గుమాస్తా ఆ రోజు సెలవులో ఉంటే కాగితం అక్కడే ఉండిపోతుంది.