గేమ్‌లో బొమ్మ మసకగా, పొగ పట్టినట్టు కనిపిస్తోంది

ప్రశ్న: 1080పి (1920×1080) మానిటర్, హెచ్‌డీఎంఐ కేబుల్. సెట్టింగ్స్ అన్నీ అల్ట్రాలోనే ఉన్నా దూరపు చెట్లు అలికేసినట్టున్నాయి. నలుపు బూడిదరంగులో కనిపిస్తోంది. ఎక్కడ వెతకాలి?

జవాబు 1: ఇవి రెండు వేర్వేరు జబ్బులండీ. ముందు మసక సంగతి. అల్ట్రా పెట్టినా డీఎల్‌ఎస్‌ఎస్ (చిన్న బొమ్మ గీసి పెద్దది చేసే ఎన్విడియా అప్‌స్కేలింగ్) ‘పెర్ఫార్మెన్స్’లో ఉంటే గేమ్ లోపల గీసేది 960×540 మాత్రమే, దాన్నే సాగదీసి చూపిస్తుంది. ‘క్వాలిటీ’కి మారిస్తే 1280×720 అవుతుంది. గ్రాఫిక్స్ కార్డుకు ఓపికుంటే అప్‌స్కేలింగ్ ఆపేసి రిజల్యూషన్ స్కేల్ 100 పెట్టండి. మోషన్ బ్లర్ (కదలికలో కావాలని పెట్టే మసక), డెప్త్ ఆఫ్ ఫీల్డ్ (ఫోకస్‌లో లేనివాటిని మసకబార్చేది) ఎలాగూ ఆపేయాల్సినవే.

జవాబు 2: నలుపు డెస్క్‌టాప్ మీద కూడా తేలిపోయిందా, గేమ్‌లోనేనా? గేమ్‌లోనే అయితే వెలుగునీడలను మార్చే హెచ్‌డీఆర్, గామా సెట్టింగులు చూడండి.

ప్రశ్న అడిగినవారు: డెస్క్‌టాప్ మీదా అంతే. కార్డు ఎన్విడియా.

జవాబు 2: అయితే ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో ‘చేంజ్ రిజల్యూషన్’ తెరిచి, అవుట్‌పుట్ డైనమిక్ రేంజ్‌ను ‘లిమిటెడ్’ నుంచి ‘ఫుల్’కి మార్చండి. 0 నుంచి 255 వరకుండే వెలుగు కొలతలో, లిమిటెడ్ అయితే నలుపు 16 దగ్గర మొదలవుతుంది, మానిటరేమో 0 కోసం చూస్తుంది. అదే ఆ పొగ. మానిటర్ మెనూలో బ్లాక్ లెవెల్ ఉంటే అదీ దీనికి సరిపోవాలి, లేకపోతే చీకటి చోట్ల వివరాలు మింగేస్తుంది.

జవాబు 3: కదిలేటప్పుడే మసకబారితే అది టీఏఏ (అంచుల గరుకును నున్నగా చేసే సెట్టింగ్) పని, పాత ఫ్రేములను కలుపుతుంది కాబట్టి. షార్పెనింగ్ కొద్దిగా పెంచండి. మరీ పెంచితే అంచుల చుట్టూ తెల్లగీతలొస్తాయి.