అప్‌డేట్: ‘ఫ్రూగల్’ సంగతి తేలింది

డబ్బు జాగ్రత్తగా ఖర్చుపెట్టే సహోద్యోగి గురించి ఇంగ్లిష్ సిఫారసు లేఖలో ‘ఫ్రూగల్’ అని రాయొచ్చా, పిసినారి అన్నట్టు ఉంటుందా అని అడిగాను కదా. సమాధానాలిచ్చిన అందరికీ థాంక్స్. లేఖ పంపేశాను.

ఫ్రూగల్‌లో తిట్టు లేదు. కాకపోతే అది ఎక్కువగా మనిషి బతికే తీరును చెబుతుంది. ‘ఫ్రూగల్ మీల్’ అంటే ఆడంబరం లేని కొద్దిపాటి భోజనం. ఆఫీసు బడ్జెట్ చూసే మనిషికి అది అతకదనిపించింది. థ్రిఫ్టీ కాస్త దగ్గరగా వచ్చింది. థ్రైవ్ (వృద్ధిలోకి రావడం) అనే క్రియకు అది చుట్టం, అందుకేనేమో పొదుపుతో పాటు నాలుగు రాళ్లు వెనకేసే నేర్పు కూడా అందులో వినిపిస్తుంది. స్టింజీ, మైజర్లీ సరాసరి పిసినారి అనే తిట్లే. చీప్ అనేది వస్తువుకైతే చవక, మనిషికైతే అదీ తిట్టే.

ఎకనామికల్ (తక్కువ ఖర్చుతో సరిపెట్టే) అనే మాట వాడమని ఒకరన్నారు. అది కారుకో, ప్రింటరుకో బాగుంటుంది. పైగా 1986లో బ్రిటన్ కేబినెట్ సెక్రటరీ రాబర్ట్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఆస్ట్రేలియా కోర్టులో ‘ఎకనామికల్ విత్ ద ట్రూత్’ (నిజాన్ని పొదుపుగా వాడడం) అన్నాక ఆ ప్రయోగం నిజం దాచేవాళ్లను వెటకారం చేయడానికి స్థిరపడిపోయింది. సిఫారసు లేఖలో ఆ టెన్షన్ ఎందుకు?

చివరికి ‘ప్రూడెంట్ విత్ మనీ’ (డబ్బు విషయంలో వివేకం ఉన్న మనిషి) అని రాశాను.

పార్సిమోనియస్ (అతి పొదుపరి) అనే మాట గురించి అడిగినవారికి: మనుషుల విషయంలో వద్దు. స్టాటిస్టిక్స్‌లో మాత్రం తక్కువ వేరియబుల్స్‌తో (లెక్కలోకి తీసుకునే అంశాలతో) పని కానిచ్చే మోడల్‌ను మెచ్చుకోవడానికే ఆ మాట వాడతారు.