అప్‌డేట్: ఇంటి పన్ను తగ్గింది, పెరగడానికి కారణం పాత షట్టర్

అమ్మ పేరున ఉన్న జీ ప్లస్ వన్ ఇంటికి పన్ను రెట్టింపు దాటింది, ఏం చేయాలి అని గత నెల అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ థ్యాంక్స్.

"ఎలా లెక్కగట్టారో ముందు అడగండి" అన్న సలహాయే పనిచేసింది. కింద పోర్షన్‌లో ఒకప్పుడు కిరాణా కొట్టు ఉండేది. ఇప్పుడు అన్నయ్య వాళ్లు ఉంటున్నారు, షట్టర్ మాత్రం అలాగే ఉంది. సర్వేకి వచ్చినవాళ్లు అది చూసి కమర్షియల్ అని రాసుకున్నారు. మన హైదరాబాద్‌లో నివాసానికైతే వార్షిక అద్దె విలువ మీద, అద్దె స్థాయిని బట్టి 17 నుంచి 30 శాతం పన్ను, అందులో 10 శాతం తరుగుదల తీసేసి 8 శాతం లైబ్రరీ సెస్ కలుపుతారు. దుకాణానికి లెక్కే వేరు: ప్లింత్ ఏరియాని (కట్టిన విస్తీర్ణాన్ని) చదరపు అడుగు నెల అద్దెతో గుణించి, దానికి మూడున్నర రెట్లు ఏడాది పన్ను!

మమ్మల్ని కాపాడింది కరెంటు బిల్లు. కింద మీటరు కేటగిరీ 1, అంటే గృహ వినియోగం. ఆ బిల్లులు, గదుల ఫొటోలు జతచేసి రివిజన్‌కి అర్జీ పెట్టాం. ఇన్‌స్పెక్టర్ గారు వచ్చి టేపుతో కొలిచి, వంటగది కూడా చూసి వెళ్లారు. సవరించిన డిమాండ్ (పన్ను నోటీసు) వచ్చింది. రెట్టింపు కాకముందున్న పన్నుకంటే కాస్త ఎక్కువే, కానీ పైన కొత్తగా గది వేశాం కాబట్టి అది న్యాయమే.

తేలేదాకా కట్టకండి అన్నవాళ్లకి ఒక మాట: బకాయి మీద నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది. పెన్షన్ మీద బతికే అమ్మకి అది చిన్న భారం కాదు. ఏప్రిల్‌లో కడితే ఆ ఏడాది పన్నులో 5 శాతం రిబేటు ఉంటుంది, ఈసారి అప్పుడే కట్టేస్తాం.