అప్పుల్లో ఉన్నప్పుడు కుటుంబ ప్రార్థనలో బైబిలులోని ఏ వాక్యభాగం చదివారు?

రాజోలు దగ్గర కౌలుకు వరి వేస్తున్నాం. సార్వా (ఖరీఫ్) కోతల ముందు వానకు చేను పడిపోయి, కంకుల మీదే గింజలు మొలకెత్తాయి. మిగిలిన ధాన్యం కౌలు బస్తాలకే సరిపోయింది. యజమాని సంతకం పెట్టలేదు కాబట్టి కౌలు రైతుకిచ్చే సాగుదారు హక్కు పత్రం లేదు, బ్యాంకు రుణమూ రాలేదు. బయట తెచ్చిన 1,80,000 రూపాయలకు నూటికి రెండు రూపాయల చొప్పున నెలకు 3,600 వడ్డీ. దాళ్వా (రబీ పంట) చేతికొస్తే కొంత తీరుస్తాం.

నా బాధ వేరు. వడ్డీ కట్టే పదో తేదీ దగ్గరపడితే మా ఆయన రాత్రి రెండింటికే లేచి కూర్చుంటారు. కుటుంబ ప్రార్థనకు రావడం మానేశారు. శుక్రవారం ఉపవాస ప్రార్థనలు చేశాను. చింతించకండి, ఆకాశపక్షులను చూడండి అని యేసు చెప్పిన మత్తయి ఆరో అధ్యాయం చదివితే, ఆకాశపక్షులకు వడ్డీ లేదు కదా అన్నారు. కానుక ఎక్కువ ఇస్తే ఆశీర్వాదం వస్తుందని ఒక బోధకుడు చెప్పాక మరింత దూరమయ్యారు. ఆ మాట నాకూ నచ్చలేదు. రెండవ రాజులు 4వ అధ్యాయంలో, అప్పులవాడు విధవరాలి ఇద్దరు కొడుకులను పట్టుకుపోవడానికి వచ్చిన భాగం ఒక్కటే చివరిదాకా విన్నారు. ఆమె ఇంట్లో అద్భుతంగా పెరిగిన నూనె అమ్మి అప్పు తీర్చమని ప్రవక్త ఎలీషా చెప్పిన చోట తలెత్తి చూశారు.

అప్పు సంగతి దాచకుండా మాట్లాడే ఇలాంటి వాక్యభాగాల్లో, కష్టకాలంలో మీ ఇంట్లో నిరీక్షణ నిలిపినది ఏది?